కింది లూపరు

రెడ్డెమ్మ ఓవర్‌లాక్ మిషను జపానుది,
నాకంటే రెండేళ్ళు చిన్నది.
కింది లూపరు విరిగింది.
వేలూరులో అడిగినాను, చెన్నై ప్యారిస్‌లో అడిగినాను.
"ఆ మోడలా? ఇంక రాదు సామీ, పాతినుముకెయ్" అన్నారు.
ఇనుముకేస్తే
నూటాఇరవై నైటీల ఆర్డరు దేనిమీద కుట్టాలి ఆమె?

గ్రీమ్స్‌పేటలో నా షెడ్డు పక్కనే
తాళాలు చేసే జిలానీ, ఫోనులో చూపించినాడు:
సముద్రానికి అవతల ఒక అంగడి.
వాకిలి లేదు, గల్లాపెట్టె లేదు.
నా లూపరు మాత్రం ఉంది, తెల్లగుడ్డ మీద,
కొడవలి పుట్టిన రోజున ఇంతే ఉంటుందేమో.
పదకొండు వందల నలభై.
నాలుగున్నర నక్షత్రాలు.

ఆ అర దగ్గర ఆగినాను.
ఎవరికి కడుపు మండి విరిచినారో.

"పంపిస్తాడంటావా?"
"యాడ తెలుస్తుంది భాయ్. నాకు డ్రిల్లు బిట్లు వచ్చినాయి.
మా బామ్మర్దికి గడియారం బదులు
గడియారం బొమ్మ వచ్చింది. కాగితమ్మీద."

మా బజారువీధిలో నమ్మకమంటే
మనిషి కాదు, మాట కాదు,
రేపు.
మోసం చేసినోడు రేపు టీ అంగడి దగ్గర ఎదురుపడాల.
పడి, దగ్గాల. చూపు తిప్పుకోవాల.
"ఏమన్నా, బాగుండావా" అనాల.
ఆ అనడంలో మన డబ్బు సగం వసూలు.
సముద్రమ్మీద ఎవడు ఎదురుపడతాడు?

అయినా కట్టినాను.
ఓటీపీ కొట్టేటప్పుడు వేలు ఒకసారి జారింది.

బయలుదేరింది అన్నారు, నోరు తిరగని ఊరి నుంచి.
విమానమెక్కింది. దిగింది.
కస్టమ్స్‌లో పదకొండు రోజులు కూర్చుంది
ఓపీ చీటీ పట్టుకున్న ముసలమ్మలా.
రెడ్డెమ్మ దినామూ వచ్చేది,
లూపరు మాట ఎత్తేది కాదు.
"ఈ పక్కగా పోతా ఉంటి" అనేది.
ఆ పక్క పోవడానికి దారే లేదు, నీవానది గట్టు తప్ప.

నలభై మూడో దినం పోస్టుమ్యాను.
విప్పితే
పై లూపరు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత రెడ్డెమ్మ గుర్తొచ్చింది.
ఫోటో తీసి పంపినాను.
నడిరేత్రి జవాబు, యంత్రం తెలుగు చేసిన జవాబు:
"ప్రియమైన కొనుగోలుదారుడా, మేము సిగ్గు తింటున్నాము.
దయచేసి కోపం తాగకండి. మరొకటి నడిచి వస్తుంది."

మూడుసార్లు చదువుకున్నాను.
ముప్పై ఏళ్ళలో ఏ అంగడివాడూ నాకు
సిగ్గు తింటున్నానని రాసివ్వలేదు.

నడిచే వచ్చింది, నెల పట్టింది.
చిన్న డబ్బా. నూనెగుడ్డ. గుడ్డ చుట్టూ దారం.
బ్లేడు పెట్టబోయి ఆపినాను.
ఆ ముడి,
ఒక చుట్టు చుట్టి, లోపలికి దూర్చి, కొస బయట వదిలేసి,
లాగితే ఊడేట్టు,
మిషన్ల మధ్య పెరిగిన చెయ్యి వేసే ముడి.
నేను వేసేదీ అదే.
కొస పట్టి లాగినాను. ఊడింది.

ఇక్కడ ఆపితే బాగుంటుంది కత.
ఆపితే అబద్ధమవుతుంది.
ఆ ధైర్యంతోనే పోయిన నెల ఇంకో అంగడిలో
మోటారుకు మూడువేల ఆరొందలు కట్టినాను.
మోటారు రాలేదు. వారానికి అంగడీ లేదు.
దానికి ఐదు నక్షత్రాలు, నిండా.

ఇప్పుడు నన్నే అడుగుతారు,
దేవసహాయం సారు కెమెరాకని, కోళ్ళఫారం పిల్లోడు థర్మామీటరుకని:
"బయటిదేశం సరుకు నమ్మొచ్చా అన్నా?"
గంగజాతరకు పోతూ జోబులో ఎంత పెట్టుకుంటావు?
కొట్టేసినా ఇంటికి నడిచి రాగలిగినంత.
అంతే కట్టు.
విప్పేటప్పుడు వీడియో తియ్యి.
పొగిడినోళ్ళను వదిలెయ్, తిట్టినోళ్ళను నిదానంగా చదువు.
ఇంకా అడిగితే, నాకు తెలీదు నాయనా అంటాను.

రెడ్డెమ్మ మిషను తిరగతా ఉంది.
ఆ దారాన్ని దాని చక్రానికి కట్టినాను, అదే ముడి వేసి.
"ఏందన్నా ఇది, దిష్టికా?" అనింది.
"కాదమ్మా," అన్నాను,
"రశీదు."